పద్దెనిమిదో పేరు

హమానాయ్ కాగితపు మిల్లు మంచు హాకీ జట్టుకి తొగాషి యసుకిచి ఇరవై రెండేళ్లు మేనేజరు. మేనేజరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. బస్సు మాట్లాడటం, తడిసిన బట్టలు ఆరేయించడం, పళ్లు రాలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆయన పని. వీటన్నిటికీ మించి, ఆటకి గంట ముందు ఇరవై ఇద్దరి పేర్లూ నంబర్లూ పట్టీలో రాసి రిఫరీల గదిలో అందజేయాలి. పట్టీలో లేనివాడు మంచు మీద కాలు పెట్టకూడదు. నంబరు తప్పు పడితే వాడు కొట్టిన గోల్ గోల్ కాదు. పొరుగు జట్టు మేనేజరొకడు పదిహేడు రాయాల్సిన చోట డెబ్భై ఒకటి రాసి ఆట పోగొట్టాడు, మరుసటి నెలలో గోదాముకి బదిలీ అయ్యాడు. తొగాషి చేతిలో అన్నేళ్లలో ఒక్క పేరు తప్పు పడలేదు. కంప్యూటర్లు వచ్చాక కూడా సిరాతోనే రాసేవాడు. "కాగితం మన మిల్లుది, సిరా నాది, తప్పు పడితే నన్నడగండి" అనేవాడు. అంతటి మనిషీ ఒకే ఒక్క కాగితం దగ్గర తప్పు చేశాడు. రాయడంలో కాదు, రాసి ఉన్నదాన్ని ఇవ్వడంలో.

దేశం మొత్తానికి ఉన్న పెద్ద లీగ్‌లో ఆరే జట్లు. ఆరింటి వెనకా ఆరు కంపెనీలు: కాగితం, ఉక్కు, రైళ్లు, పాలు, సిమెంటు, హోటళ్లు. ఇందులో ఓడినవాడు కిందికి దిగడం లేదు, కిందివాడు పైకి రావడమూ లేదు. అన్ని ఆటలూ ఓడినా ఆరో స్థానం దక్కుతుంది, వచ్చే చలికాలం మళ్లీ ఆడొచ్చు. జట్టు చావడానికి ఒకటే దారి, దాని కంపెనీ వద్దనుకోవడం. ఆటగాళ్లయినా ముందు ఉద్యోగులే. పొద్దున మిల్లులో గుజ్జు వాసనలో పని, మధ్యాహ్నం రింకులో మంచు మీద సాధన. జెర్సీ మీద ఊరి పేరు కాదు, కంపెనీ పేరే ఉంటుంది. అయినా మా ఊళ్లో ఎవరూ దాన్ని కంపెనీ జట్టనేవారు కాదు. "మనోళ్లు" అనేవారు.

తొగాషి సముద్రపు నాచు ఎండబెట్టి అమ్ముకునే ఇంట్లో పుట్టాడు. పద్దెనిమిదో ఏట స్కూలు జట్టు నుంచి నేరుగా మిల్లులోకి వచ్చాడు. ఆరు సీజన్లు, వంతులవారీగా దింపే వరసల్లో మూడోదానిలో ఆడి పదకొండు గోల్స్ కొట్టాడు, పన్నెండోది కొట్టబోయి మోకాలు పోగొట్టుకున్నాడు. కంపెనీ పొమ్మనలేదు. సామాన్ల గది తాళాలు చేతిలో పెట్టింది, తర్వాత మేనేజరుని చేసింది. క్యాంటీన్‌లో వడ్డించే సుమియెని పెళ్లి చేసుకున్నప్పుడు పెద్దగా నిలబడింది కూడా కంపెనీ మనిషే. అందుకే ఆ ఫిబ్రవరి సోమవారం పరిపాలన విభాగం పెద్ద కుసాకాబె క్యాంటీన్‌లోకి వచ్చి, కాగితం చూసి చదివినప్పుడు తొగాషికి సగం మాటలు చెవిలోకే పోలేదు.

"ఈ సీజన్‌తో జట్టుని ముగిస్తున్నాం. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు. మన్నించండి" అన్నాడు కుసాకాబె. నడుం విరిగిపోతుందా అన్నట్టు వంగి, అలాగే ఉండిపోయాడు. వంగినవాణ్ణి ఎవరు తిడతారు? మా దగ్గర అదొక పెద్ద కిటుకు.

వెనక బల్ల దగ్గర ఎవరో, "ఇన్నాళ్లూ ఓడితే తిట్టేవాళ్లు. ఇకనుంచి ఆ బాధ కూడా లేదురా" అన్నారు. ఇద్దరు నవ్వారు. గోల్‌కీపర్ ఎబినా మాత్రం గిన్నెలో సూప్ చివరి చుక్కదాకా తాగి, గిన్నె తీసుకెళ్లి సుమియె చేతికిచ్చి, "బాగుందమ్మా" అని వెళ్లిపోయాడు.

బయట వరండాలో కుసాకాబె తొగాషి భుజం మీద చెయ్యేశాడు.

"తొగాషీ, వేరే కంపెనీ ఎవరైనా తీసుకుంటామంటే మనం అడ్డుపడంలే. చూడు."

అది మర్యాదకి అన్న మాట. తొగాషి దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాడు.

ఆయన లీగ్ నిబంధనల పుస్తకం తీసి మళ్లీ చదివాడు, కంఠతా వచ్చినదాన్నే. వేరే కంపెనీ జట్టుని తీసుకోవచ్చు, లీగ్‌లో దాని చోటు దానికే ఉంటుంది. ఒకటే షరతు, పాత జట్టులో కనీసం పద్దెనిమిది మంది మిగిలి ఉండాలి. పదిహేడు ఉన్నా చోటు పోతుంది. పోయాక కొత్త జట్టుగా రావాలంటే మిగతా ఐదు కంపెనీలూ ఒప్పుకోవాలి, అది జరిగే పని కాదు. అంతా జూన్ ముప్ఫై సాయంత్రం అయిదు గంటలకల్లా తేలిపోవాలి, ఆ రోజుతో ఏడాది పేర్ల నమోదు మూసేస్తారు.

ఇంకో నిబంధన ఉంది. ఆటగాడు ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీ జట్టుకి పోవాలంటే, పాత కంపెనీ ముద్ర వేసిన విడుదల కాగితం కావాలి. అది లేకుండా పోతే ఏడాదంతా బయట కూర్చోవాలి. కుర్రాడైతే కూర్చుంటాడు. ముప్ఫై మూడేళ్ల గోల్‌కీపర్ కూర్చున్నాడంటే ఇక లేవడు.

మార్చి పద్నాలుగున కుసాకాబె ఇరవై నాలుగు విడుదల కాగితాలకీ వరసపెట్టి ముద్రలు వేసి, కట్టగా తొగాషికి ఇచ్చాడు.

"అడిగినవాడికి ఇవ్వు. అడగనివాడికి నువ్వుగా ఇవ్వకు. పొమ్మన్నట్టు ఉంటుంది."

"అలాగేనండీ" అని తొగాషి వాటిని బల్ల సొరుగులో, బియ్యపు అప్పచ్చుల డబ్బా కింద పెట్టాడు.

ఏప్రిల్‌లో ముగ్గురు అడిగి తీసుకున్నారు, ఒకడు ఉక్కు జట్టుకి, ఇద్దరు రైళ్ల జట్టుకి. ఇంకో ముగ్గురు ఆటే మానేసి మిల్లు పనిలో స్థిరపడ్డారు. వాళ్లని సాగనంపడానికి రింకు వెనక ఖాళీ స్థలంలో పెనాలు పెట్టి గొర్రెమాంసం కాల్చుకుని తిన్నారు. పొగకి కళ్లు మండుతున్నాయని అందరూ అన్నారు. తొగాషి తినలేదు. చుట్టూ కూర్చున్న వాళ్లని తలలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది.

ఆ పద్దెనిమిది మందిని పట్టుకుని ఆయన రేవులోని చేపల కంపెనీ యజమాని నాగకుబో చుట్టూ తిరిగాడు. నాగకుబో చేపల్ని గడ్డకట్టించి దేశమంతా పంపే మనిషి, మంచి పిచ్చి ఉన్నవాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆటకీ వచ్చి గోల్ వెనకే నిలబడి గొంతు పోయేలా అరిచేవాడు.

"తీసుకోవాలనే ఉందయ్యా. మా తమ్ముడు పడనివ్వట్లేదు. జూన్ ఆఖరులోగా ఏదో ఒకటి తేలుస్తాలే. అవునూ, ఎబినా ఉన్నాడుగా?"

"ఉన్నాడండీ."

"వాడుంటేనే. వాడు లేని గోల్ వెనక నిలబడి నేనేం అరవను?"

తొగాషి కొండంత ఆశతో ఇంటికొచ్చాడు. మే నెలలో టోక్యోకి వెళ్లి, మిగతా ఐదు కంపెనీల ప్రతినిధుల ముందు కూర్చుని, గడువు ఆగస్టు దాకా పొడిగించమని అడిగాడు. ఐదుగురూ టీ తాగారు. "మా కంపెనీలకి తీసుకెళ్లి పరిశీలిస్తాం" అన్నారు. బయటికొచ్చాక ఉక్కు జట్టు ప్రతినిధి ఆయన వెంటే మెట్లు దిగాడు. ఇద్దరూ ఒకప్పుడు మంచు మీద కొట్టుకున్నవాళ్లే.

"నువ్వు బతకాలి తొగాషీ. ఐదు జట్లయితే ప్రతి వారం ఒకడు ఖాళీగా కూర్చోవాలి. ఆ పట్టిక వేసే ఖర్మ నాకు పట్టింది."

"అయితే గడువు పొడిగించరా బాబూ."

"నేనొక్కణ్ణి ఎలా పొడిగిస్తా? ఒక్కడు తల అడ్డంగా ఊపినా ఆగిపోద్ది."

"ఎవడూపాడు?"

"ఎవడూ అడ్డంగా ఊపలేదు. ఎవడూ నిలువుగానూ ఊపలేదు" అని వాడు గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

తొగాషి తిరిగొచ్చిన మూడో రోజు ఎబినా ఆఫీసుకి వచ్చాడు. బూట్లు తుడుచుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

ఎబినా రియోహెయ్ సంగతి కొంచెం చెప్పాలి. మిల్లులో చేరాక ఏడేళ్లు రెండో గోల్‌కీపరుగా బల్ల మీదే కూర్చున్నాడు. గోల్‌కీపర్లలో ఆడేది ఒక్కడే, రెండోవాడు ముసుగు ఒళ్లో పెట్టుకుని చూస్తుంటాడు. ఏడేళ్లు అలా చూసిన మనిషి ఒక్కసారి మూతి ముడవలేదు. ఆడటం మొదలై నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో రబ్బరు బిళ్ల ఎటునుంచి వచ్చినా ఆపాడు గానీ, జట్టు మాత్రం పై నాలుగులోకి రాలేదు. ఒక్కసారి కూడా తుది పోరు ఆడలేదు.

"తొగాషి సార్, దక్షిణాన సిమెంటోళ్ల జట్టులో గోల్‌కీపరుకి మోకాలు పోయిందంట. ఏడాదికి రమ్మన్నారు. విడుదల కాగితం..." అని ఆగాడు. తర్వాత తల వంచి, "ఇంకొక్క ఏడాది ఆడాలనుంది సార్" అన్నాడు.

సొరుగు తొగాషి మోకాలికి తగులుతోంది. ఎబినా పోతే పదిహేడు. నాగకుబో కూడా పోతాడు. జట్టు పోతుంది, లీగ్‌లో చోటు పోతుంది, ముప్ఫై ఆరేళ్ల తన బతుకు పోతుంది. ఇవన్నీ ఒక్క గుటకలో మింగి తొగాషి అన్నాడు:

"నీ కాగితానికి ఇంకా ముద్ర పడలేదు ఎబినా. కుసాకాబె గారి దగ్గరుంది. పడగానే చెబుతా."

"అలాగే సార్. మీకు శ్రమ ఇస్తున్నాను" అని ఎబినా ఇంకా ఒక క్షణం నిలబడ్డాడు. ఏదో వినడానికి ఆగినట్టు ఆగాడు. తర్వాత వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు.

మా వైపు పెద్దవాణ్ణి ఒక విషయం ఒకసారే అడుగుతారు. రెండోసారి అడిగితే 'మరిచిపోయావు' అనో 'అబద్ధమాడావు' అనో మొహం మీద అన్నట్టే లెక్క. ఎబినా లాంటివాడు చచ్చినా రెండోసారి అడగడని తొగాషికి తెలుసు. ఆ తెలిసినదాన్నే వాడుకున్నాడు. ఒకడి మంచితనాన్ని లెక్కలో వేసుకుని అబద్ధమాడటం కన్నా నీచం ఏముంటుంది? ఆ మాట ఆయనకి ఆ రోజే తోచింది, తోచినా సొరుగు తీయలేదు.

ఇంట్లో సుమియె పసిగట్టింది.

"ఎబినా కాగితం అడిగాడంటగా. ఇచ్చావా?"

"చూద్దాంలే."

"చూసేదేంటి? అది నీ సొరుగులోనే ఉంది కదయ్యా. కుసాకాబె గారు అన్నీ ఒక్కరోజే గుద్దిచ్చాడని నువ్వేగా చెప్పావు."

"ఒక్క నెల ఆగితే జట్టే నిలబడుతుందే. వాడికీ అదే మంచిది."

"వాడికి ఏది మంచిదో వాణ్ణడిగావా?" అని ఆమె అన్నం గిన్నె కొంచెం గట్టిగానే కింద పెట్టింది.

జూన్ అంతా సముద్రపు పొగమంచు ఊరిని కప్పేసింది. మా ఊళ్లో జూన్‌లో కూడా చలికాచుకునే పొయ్యి ఆర్పరు. ఎబినా రోజూ మిల్లు గేటు దగ్గర కనిపించి, వంగి, "నమస్కారం తొగాషి సార్" అనేవాడు. కాగితం మాట ఎత్తేవాడు కాదు. తొగాషి ఆ నమస్కారాన్ని తప్పించుకోవాలని పావుగంట ముందే రావడం మొదలుపెట్టాడు. రెండో రోజునుంచి ఎబినా కూడా పావుగంట ముందే వచ్చాడు, షిఫ్టు మారిందట.

జూన్ ముప్ఫై మధ్యాహ్నం ఒంటిగంటకి నాగకుబో రాలేదు. ఆయన గుమాస్తా వచ్చాడు. ఉప్పు చేపల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ తొడల మీద ఆనించి వంగాడు.

"మా అయ్యగారు మీకు మొహం చూపించలేకపోతున్నానన్నారండీ."

పెట్టె చాలా ఖరీదైన బట్టలో కట్టి ఉంది. ఆ కట్టు చూడగానే తొగాషికి అంతా అర్థమైంది, మా దగ్గర మంచి కబురు అంత మంచి బట్టలో రాదు.

గుమాస్తా వెళ్లాక ఆయన ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. గడియారం ఒంటిగంటా నలభై చూపించేసరికి లేచాడు. జట్టు పోయింది, సరే. ఎబినా ఇంకా పోలేదు. సిమెంటు జట్టుకి ఫోన్ చేశాడు. అవతలి మేనేజరు కసురుకున్నాడు.

"నెల రోజులనుంచి ఎదురుచూస్తున్నాం, ఇప్పుడా చేసేది? నాలుగున్నరకి మా పట్టీ లీగ్ ఆఫీసుకి పోవాలి. ఆలోగా కాగితం ఫ్యాక్స్ చెయ్యండి. ఆటగాడి ముద్ర ఉండాలి, సంతకం చెల్లదు."

తొగాషి అప్పచ్చుల డబ్బా పక్కకి నెట్టి కాగితం తీశాడు. కుంటుకాలితో మిల్లు ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తాడు. ఎబినా ఆరబెట్టే యంత్రం దగ్గర ఉన్నాడు, పెద్ద పెద్ద రోలర్ల మధ్య నిప్పుల కొలిమిలా ఉండే చోట. బదులు మనిషి వచ్చేదాకా వదలనన్నాడు అక్కడి ఫోర్‌మన్. నియమం అదే. తొగాషి జీవితమంతా నియమం పాటించిన మనిషి. ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. అరవలేదు. కాగితం చేతిలో పట్టుకుని గంటన్నర సేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బదులు మనిషి వచ్చేసరికి మూడున్నర. ఎబినా పేరు చెక్కిన ముద్ర అతని హాస్టల్ గదిలో ఉంది. తొగాషి కారులో బయలుదేరారు. పొగమంచులో ముందున్న బండి వెనక దీపం కూడా కనపడటం లేదు. నడిచే మనిషికన్నా కొంచెం వేగంగా పోతోంది కారు. ఎబినా ఒళ్లో కాగితం ఉంది. చదివాడు. పైన తన పేరు, మధ్యలో కంపెనీ ఎర్ర ముద్ర, కింద తేదీ, మార్చి పద్నాలుగు.

తొగాషి రోడ్డు వైపే చూస్తున్నాడు. పక్కనున్నవాడు తిట్టినా బాగుండేది. గొంతు పట్టుకున్నా బాగుండేది. ఎబినా కాగితాన్ని మడత పడకుండా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు, అంతే.

గదిలోంచి ముద్ర తెచ్చుకుని, కారు ముందు మూత మీద కాగితం పరిచి, నోటితో ఊది, నిటారుగా వేశాడు. ఆఫీసుకి తిరిగొచ్చి ఫ్యాక్స్‌లో పెట్టేసరికి నాలుగూ నలభై ఎనిమిది. కాగితం పోయింది. వెంటనే ఫోన్ మోగింది.

"నాలుగున్నర దాకా చూశామండీ. యూనివర్సిటీ కుర్రాడొకడి పేరు రాసి పంపేశాం. ఏడాదికి ఒకటే పట్టీ, మీకు తెలియందా?"

తొగాషికి తెలుసు. అలాంటి పట్టీలు ఇరవై రెండు పంపాడు. ఫోన్ పెట్టేసి ఎబినా వైపు తిరిగాడు. ఎబినాకి చెప్పాల్సిన పని లేకపోయింది.

"చాలా శ్రమపడ్డారు సార్" అని ఎబినా వంగాడు. "షిఫ్టు ఇంకో రెండు గంటలుంది. ఆయనెవరో నా బదులు నిలబడి ఉంటాడు పాపం" అని వెళ్లిపోయాడు.

ఆ శరత్కాలంలో లీగ్ ఐదు జట్లతో మొదలైంది. ప్రతి వారం ఒకడు ఖాళీగా కూర్చున్నాడు. మా రింకులో ఐస్ వేయలేదు. సిమెంటు జట్టులో యూనివర్సిటీ కుర్రాడు బాగానే ఆడుతున్నాడని పేపర్లో పడేది. తొగాషిని గోదాముకి మార్చారు, కాగితం చుట్టలు లెక్క చూసుకోవడానికి. పొద్దున్నే గేటు దగ్గర ఎబినా, "నమస్కారం తొగాషి సార్." వంపులో ఒక్క అంగుళం తగ్గలేదు, గొంతులో ఒక్క ముల్లు లేదు. ఆ మర్యాద ఆయన్ని లోపల్లోపల తినేసింది. రాత్రి అన్నం సహించేది కాదు. "పోయి వాడి కాళ్లమీద పడు, లేదా తినడం నేర్చుకో" అంది సుమియె.

నవంబరులో ఒక ఉదయం, తొలి మంచు పడిన రోజు, షిఫ్టు మొదలవకముందు తొగాషి ఆరబెట్టే విభాగం బయట బెంచీ దగ్గరికి వెళ్లాడు. ఎబినా చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. లేచి నిలబడ్డాడు.

"కూర్చో" అన్నాడు తొగాషి. తాను కూర్చోలేదు. "ఆ కాగితానికి ముద్ర మార్చిలోనే పడింది. నా సొరుగులోనే ఉంది. నీకు అబద్ధం చెప్పాను. నువ్వు పోతే పదిహేడు అవుతామని..."

"తెలుసు సార్."

"తేదీ చూశావు. తెలిసే ఉంటుంది."

"తేదీ చూడకముందే తెలుసు. మాంసం కాల్చుకున్న రోజు మీరు తలలు లెక్కపెట్టారు కదా. నేనూ లెక్కపెట్టాను" అన్నాడు ఎబినా. ఎడమ చేతి తొడుగు వేళ్లు ఒక్కొక్కటీ సరిచేసుకున్నాడు. "ఆ రోజు కాగితం అడగడానికి వచ్చాను గానీ సార్, మీరు 'ఆగరా, నువ్వు పోతే మనం లేం' అంటారని వచ్చాను. ఆ మాటంటే ఉండిపోదామనే వచ్చాను. గుమ్మంలో కాసేపు చూశాను కూడా."

ఎబినా కుడి చేతి తొడుగు బెంచీ మీంచి తీశాడు.

"మీరు ఆగమనలేదు. ముద్ర పడలేదన్నారు."

సైరన్ మోగింది. ఎబినా కుడి చేతి తొడుగు కూడా వేసుకుని, ఎప్పటిలాగే నడుం వరకూ వంగి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. తలుపు సందులోంచి వేడి గాలి వచ్చి తొగాషి మొహానికి తగిలింది. ఆయన తన గోదాము వైపు తిరిగి, కొత్త మంచులో కుంటుకుంటూ నడిచాడు. దారిలో ఇద్దరు పలకరించారు, ఎవరో చూడలేదు.